మెరుపు లేని పేరు

అమలాపురం,
2024 నవంబరు 30.

ప్రియమైన లావణ్యకి,

రెబెకా నుంచి. నీకూ, మామ్మగారికీ, అమ్మగారికీ నా వందనాలు. మా ఇంట్లో అందరం ప్రాణాలతో ఉన్నాం. మీ ఇంట్లోనూ అందరూ కులాసాగా ఉన్నారని, పెళ్ళిపనులు మళ్ళీ మొదలయ్యాయని విన్నాను.

ఈ ఉదయం మా పెరట్లో, కుళాయి దగ్గర గచ్చు మీద నత్త నడిచిన దారి కనిపించింది. నిలబడి చూస్తే ఏమీ లేదు. మెట్టు మీద కూర్చుని తల కాస్త పక్కకి వంచితే సన్నగా మెరిసింది. అమ్మ చెంబుడు నీళ్ళు పోసింది. అయినా పోలేదు. ప్రెస్సులో నా పనేమిటో నీకు చెప్పడానికి ఆ రోజు అన్ని మాటలు వాడాను గానీ, ఇది చూపించి ఉంటే సరిపోయేది.

నీ మెసేజ్ చాలాసార్లు చదివాను. ఫోన్లో జవాబివ్వలేదు, ఏమీ అనుకోకు. నువ్వు అడిగింది ముందు మళ్ళీ చెబుతాను, దేనికి జవాబిస్తున్నానో మనిద్దరికీ తేటగా ఉండాలి. మా అన్నయ్య జీవన్ నీ పెళ్ళికార్డులో మీ బాబాయిగారి పేరుకి మెరుపు వెయ్యడం మర్చిపోయాడన్నావు. ఆ కోపంలో బాబాయిగారు ప్రెస్సుకి వచ్చి నాలుగు మాటలన్నారని, తోపులాటలో మెషిన్ తగిలి అన్నయ్యకి దెబ్బలయ్యాయని విన్నానన్నావు. పోలీసులు అడిగితే అన్నయ్య చేత ఆ ముక్కే చెప్పించమన్నావు. నీకు సొంత తమ్ముడు లేడు. బాబాయిగారబ్బాయి నాగసతీష్ స్టేషన్లో కూర్చుంటే పీటల మీద నీ దోసిట్లో పేలాలు ఎవరు పోస్తారే అన్నావు. చివర్లో, "ఒసే మూగిమొద్దూ, ఈ ఒక్కసారీ నోరు విప్పవే" అన్నావు.

కాన్వెంటులో సిస్టర్లు నన్ను వినయం గల పిల్ల అనేవారు. నువ్వు మాత్రం మూగిమొద్దు అనేదానివి. నీ మాటే నాకు నచ్చేది, అందులో అబద్ధం లేదు. ఇప్పుడు నోరు విప్పుతున్నాను. నీకు ఎంతవరకు చెప్పారో నాకు తెలియదు కనుక మొదటి నుంచీ చెబుతాను.

నువ్వూ మీ నాన్నగారూ ప్రెస్సుకి వచ్చిన రోజు మా ఓనరు మాణిక్యాలరావుగారు కుర్చీలు తుడిపించి, కూల్ డ్రింకులు తెప్పించారు. నువ్వు ముదురెరుపు కార్డు ఎంచుకున్నావు. ముట్టుకుంటే మెత్తగా, చూస్తే మసకగా ఉంది, దీని మీద పేర్లు ఎలా మెరుస్తాయే అని అడిగావు. ముందు అచ్చు వేస్తాం, దాని మీద మెరవని పొర ఒకటి అంటిస్తాం, ఆ పైన ఎక్కడ మెరవాలో అక్కడ మాత్రమే, చట్రానికి గుడ్డ బిగించిన స్క్రీన్ లోంచి వార్నిష్ దింపి లాంపు కింద పెడితే గట్టిపడుతుంది, దాన్ని స్పాట్ యూవీ అంటారు, అని చెప్పాను. కంప్యూటర్లో దానికి వేరే పేజీ తయారు చేస్తాను. మెరవాల్సినవి నల్లగా పెడతాను. నలుపున్న చోటే వార్నిష్ పడుతుంది. అంతే నా పని. నేను అంత పొడుగు మాట్లాడటం చూసి నువ్వు నవ్వావు.

మీ నాన్నగారు శాంపిల్ కార్డుని గుమ్మం దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పారు. "ఆయ్, బాగుందండీ, ఎదర నుంచి చూస్తే ఏం లేదు, పక్క నుంచి చూస్తే తళుక్కుమంటంది" అన్నారు. నీ పేరు, పెళ్ళికొడుకు పేరు, కింద ఆహ్వానించే పెద్దల పేర్లు మెరవాలని చెప్పారు. నువ్వు వెళ్ళి కారెక్కావు. ఆయన కళ్ళజోడు మర్చిపోయానంటూ కారు దిగి వెనక్కి వచ్చారు. కళ్ళజోడు ఆయన జేబులోనే ఉంది.

నా కుర్చీ పక్కన వంగి, గొంతు తగ్గించి చెప్పారు. "తమ్ముడి పేరు మా పేరు కిందే ఉంచమ్మా, లేకపోతే నలుగురూ అడుగుతారు. మెరుపు మాత్రం ఒద్దు." సర్పంచి ఎన్నికల్లో మీ బాబాయిగారు అవతలి మనిషి వెనక తిరిగారని, అప్పటి నుంచీ అన్నదమ్ములు మనసు విప్పి మాట్లాడుకోవడం లేదని నాకు తర్వాత తెలిసింది. నేను మా ఓనరుగారి వైపు చూశాను. సారు చెప్పినట్టు చెయ్యమ్మా, ఎదర నుంచి తెలీదుగా, అన్నారాయన. ఆ పేరు మీది నలుపు తీసేశాను.

స్క్రీన్ పని అన్నయ్యది. నా నల్ల పేజీకి తీసిన ఫిలిం వెలుతురుకి పట్టుకుని చూసి, "నాగబాబుగారు ఎగిరిపోయేరేంటి చెల్లెమ్మా, కునుకు తీసేవా" అన్నాడు. చెప్పినట్టే చేశానన్నాను. అయితే మనకెందుకులే, ఆళ్ళూ ఆళ్ళూ ఒకటి, అని వార్నిష్ లాగడానికి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక మొదటి కట్ట నేనే మీ ఇంటికి తెచ్చాను. నువ్వు లోపల చీర కట్టుకుంటున్నావు. వరండాలో జరిగింది నీకు ఎవరో చెప్పి ఉంటారు, కానీ నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. మొదటి కార్డుకి పసుపు రాసి, దేవుడి దగ్గర పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళ చేతికివ్వడం మీ ఆనవాయితీ కదా. మీ మామ్మగారికి ఇప్పుడు చూపు బొత్తిగా ఆనడం లేదు. ఆవిడ కార్డు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమారు. వార్నిష్ పడిన చోట కాస్త ఉబ్బెత్తుగా తగులుతుంది. ఇది మా లావణ్య పేరా, ఇది అబ్బాయి పేరా, అని అడుగుతూ కిందికి వచ్చారు. మీ అమ్మగారు పక్కన కూర్చుని ఆయ్, ఆయ్ అంటున్నారు. ఇది పెద్దాడిదా అన్నారు. ఆయ్ అన్నారు మీ అమ్మగారు. వేళ్ళు ఇంకొంచెం కిందికి జరిగి అక్కడే తిరిగాయి.

"చిన్నాడిది తగల్లేదేంటర్రా, ఎయ్యలేదా?"

వేశారండీ అత్తయ్యగారూ, అని మీ అమ్మగారు గబగబా అన్నారు. ఏస్తే తగలాలి కదే అని ఆవిడ మళ్ళీ తడిమారు. కాఫీ గ్లాసు పట్టుకున్న ఒక పెద్దావిడ, నాగబాబు దగ్గరకొచ్చేసరికి రంగైపోయిందేమో లెండి, అంది. వరండా అంతా నవ్వింది. మీ బాబాయిగారు నవ్వలేదు. లేచి వచ్చి, తల్లి ఒళ్ళోంచి కార్డు తీసుకుని ఎండలోకి వెళ్ళి, ఏటవాలుగా పట్టుకుని చూశారు. ఏంటన్నయ్యా ఇది, అన్నారు. మీ నాన్నగారు కార్డు వైపు చూడకుండానే, "నాకేం తెలుసురా, ఆ ప్రెస్సోళ్ళు తగలేసుంటారు" అన్నారు. అలా అన్నాక ఆయన కళ్ళు నా మీద పడ్డాయి. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

మర్నాడు షట్టరు ఎత్తిన కాసేపటికే రెండు కార్లు వచ్చాయి. మీ బాబాయిగారు, నాగసతీష్, నేను ఎరగని మనుషులు కొందరు. బాబాయిగారు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. "మాణిక్యాలరావుగారండీ, మీరు పక్కకి జరగండి, మీకు తగిలితే బాగోదు" అన్నారు. ఆయన జరిగారు. పేర్లకి మెరుపేసేది ఎవరండీ, అని బాబాయిగారు అడిగారు. మా ఓనరుగారు అన్నయ్యని చూపించి, కుర్రోడండీ, చూసుకోలేదండీ, అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేనని నీకు చెప్పాలనుకున్నాను. కానీ పడుతున్నాను.

మొదటి దెబ్బ స్క్రీన్ చట్రంతో కొట్టారు. దాని మీద నీ పేరు ఇంకా ఉంది. చెక్క అన్నయ్య చెవి మీద విరిగి, చెవి సగం ఊడి వేలాడింది. పడ్డాక తన్నారు. పక్కటెముకలు విరుగుతుంటే పచ్చి కొబ్బరిమట్ట విరిచినట్టు వినిపించింది. ఒకడు కొబ్బరికాయలు వలిచే గునపం కార్లోంచి తెచ్చి లాంపు పెట్టెని పొడిచాడు. గాజంతా ఒక్కసారే రాలింది. కార్డులు మడతపెట్టే చిట్టెమ్మగారు, ఒద్దు బాబూ ఒద్దు, మీకు దణ్ణం పెడతాను, అంటూ అడ్డం వెళ్ళారు. జుట్టు పట్టుకుని ఆవిడ మొహాన్ని గోడకి కొట్టారు. ఆవిడకి ఇప్పుడు ముందు పళ్ళు లేవు.

అప్పుడు నాగసతీష్ కి వార్నిష్ డబ్బా కనిపించింది. "పెదనాన్నకేసి నాన్నకి ఎయ్యలేదు కదా, ఈడికి మనవేద్దాం మెరుపు" అన్నాడు. వాళ్ళు నవ్వారు. డబ్బా మొత్తం అన్నయ్య తల మీద గుమ్మరించాడు. ఆ వార్నిష్ తేనెలా నిదానంగా దిగుతుంది. కళ్ళల్లోకి, ముక్కులోకి, తెగిన చెవిలోకి దిగింది. అప్పటిదాకా అరవని అన్నయ్య అప్పుడు అరిచాడు. అది లాంపు వెలుతురులోనే కాదు, ఎండలో కూడా గట్టిపడుతుంది. ఆ సంగతి అన్నయ్యకి తెలుసు. మొహం నేలకేసి దాచుకున్నాడు. లాంపెయ్యరా, ఆరిపోద్ది, అని ఎవడో అన్నాడు. లాంపు వాళ్ళే పగలగొట్టారు. నాగసతీష్ గోడ మీద తడిమి ఏదో స్విచ్చి వేశాడు. అది కటింగ్ మెషిన్ స్విచ్చి. మోటారు తిరగడం మొదలైంది.

కాగితాల కట్టని ఒక్క వేటుకి కోసే మెషిన్ అది. బాగా పాతది. పక్కనున్న పిడి లాగితే కత్తి దిగుతుంది, మధ్యలో ఆగదు. మీ బాబాయిగారు కాసేపు దాన్నే చూశారు. తర్వాత అన్నయ్యని లేపి తెమ్మన్నారు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చారు. ఏ చేత్తో తీసేడో అడగండ్రా, అన్నారు బాబాయిగారు. కుడి చేత్తోనే అయ్యుంటది నాన్నా, అని నాగసతీష్ అన్నయ్య కుడి చెయ్యి పట్టుకుని కత్తి కింద పెట్టాడు.

నేను అప్పుడు మాట్లాడాను, లావణ్యా. "పెదబాబుగారే ఒద్దన్నారండీ. నాతోనే చెప్పారండీ. తీసింది నేనండీ" అన్నాను. అంత పెద్దగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అయినా ఆ మోటారు హోరులో నా గొంతు నాకే సరిగ్గా వినపడలేదు. మీ బాబాయిగారికి వినపడింది. నా వైపు తిరిగి, ఏమన్నావమ్మా, అని మామూలుగానే అడిగారు. మళ్ళీ చెప్పాను. ఆయన మొహంలో ఏదో కదిలింది. నమ్మారు. నమ్మారని నాకు తెలిసింది. ఇక ఆపిస్తారనుకున్నాను.

"మా అన్నయ్య మీద చెప్తావా నువ్వు?" అన్నారు. కొడుకు వైపు చూసి తల ఊపారు.

నాగసతీష్ పిడి మీద చెయ్యి వేశాడు. నేను వెళ్ళి అన్నయ్య మణికట్టు పట్టుకుని లాగాను. వార్నిష్ కి జారిపోయింది. ఇంకా లోపలికంటా పట్టుకుని మళ్ళీ లాగాను. అన్నయ్య చెయ్యి బయటికి వచ్చింది. కత్తి దిగింది.

ఆ తర్వాత కూడా మోటారు తిరుగుతూనే ఉంది. నాగసతీష్ గోడవారకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. అందరూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ కార్లెక్కారు. మీ బాబాయిగారు గుమ్మం దగ్గర ఆగి చెప్పులు వేసుకున్నారు. ఒకటి దొరక్కపోతే వంగి వెతుక్కున్నారు.

చిట్టెమ్మగారు, నోట్లోంచి రక్తం కారుతుండగానే, తన చెంగు అన్నయ్య మొహం మీద కప్పి పట్టుకున్నారు. ఎండ తగలనివ్వకండమ్మా, తగలనివ్వకండి, అని ఆటో కుర్రాడితో, దారిలో ఎదురైన వాళ్ళతో, నాతో అంటూనే ఉన్నారు. అందుకే కళ్ళు దక్కాయని డాక్టరుగారు చెప్పారు. అన్నయ్యకి తల గొరిగారు. కనుబొమలు లేవు. చెవి కుట్టారు. పక్కటెముకల వల్ల తిన్నగా పడుకోలేడు, గోడకి ఆనుకుని కునుకుతాడు. చేతులు రెండూ బాగున్నాయి. ఆసుపత్రిలో మా ఓనరుగారు మెషిన్ ప్రమాదమని రాయించి వెళ్ళారు. మళ్ళీ రాలేదు.

నిన్న మీ నాన్నగారూ బాబాయిగారూ ఒకే కార్లో మా ఇంటికి వచ్చారు. మా తాతయ్య మీ తాతగారి చేలో కూలికి వెళ్ళేవారు. మా నాన్న, దానం, బడిలో మాస్టారుగా చేసి రిటైరయ్యారు, అయినా మీ ఇంటికి వస్తే ఇప్పటికీ అరుగు మీదే కూర్చుంటారు. నిన్న వాళ్ళు మా ముందుగదిలో కూర్చున్నారు. నేను లోపలి గదిలో ఉండి విన్నాను. మాస్టారూ, కుర్రోళ్ళు, రక్తం మరిగింది, అయిపోయింది, అన్నారు మీ నాన్నగారు. "మా అన్నయ్యా నేనూ ఒకటైపోయేం మాస్టారూ, ఇప్పుడు ఎవరి మీదా మనసులో ఏం లేదు" అన్నారు మీ బాబాయిగారు. పాస్టరుగారితో కూడా మాట్లాడేమండీ, అన్నారు. మా అమ్మ టీ పెట్టలేదు. మా అమ్మ మేరీ టీ ఇవ్వకుండా మా గుమ్మం దిగిన మనిషి ఇంతవరకు లేడు.

రాజమండ్రిలో వేయించిన కొత్త కార్డు ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళారు. కిటికీ దగ్గర ఏటవాలుగా పెట్టి చూశాను. ఇద్దరి పేర్లూ సమానంగా మెరుస్తున్నాయి. పని శుభ్రంగా చేశారు. అక్షరాల అంచు దాటి వార్నిష్ ఎక్కడా జరగలేదు.

వాళ్ళు వెళ్ళాక నాన్న, క్షమించాలమ్మా, అన్నారు. పాస్టరుగారు కూడా ఫోన్ చేసి అదే అన్నారు. ప్రయత్నం చేస్తానన్నాను. నిజంగానే చేస్తాను. అది దేవుడికీ నాకూ మధ్య విషయం. తోపులాటలో మెషిన్ తగిలిందని చెప్పడం వేరే విషయం.

అందుకని, నువ్వు అడిగింది నేను చెయ్యలేను. అన్నయ్య చేత ఆ ముక్క చెప్పించినా నీకు ఉపయోగం ఉండదు. ఫిర్యాదు అన్నయ్యది కాదు. నీ దోసిట్లో పేలాలు ఎవరు పోస్తారో నాకు తెలియదు. ఆ మాట చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది, అదీ నిజమే. నీ పెళ్ళి ఆగాలని నేను కోరుకోను. కానీ ఇదంతా ఎవరి వల్ల అయిందో తెలియకుండా నువ్వు పీటల మీద కూర్చోకూడదనిపించింది. ఈ ఉత్తరం మీ నాన్నగారికి చూపించినా సరే, చింపేసినా సరే. కారు దిగి వెనక్కి ఎందుకెళ్ళావు నాన్నా అని మాత్రం ఒక్కసారి అడుగు. ఆయన ఏమంటారో నాకు చెప్పనక్కర్లేదు.

మామ్మగారిని ఎవరూ ఏమీ అనకుండా చూసుకో. ఆవిడ తగిలింది తగిలినట్టు చెప్పారు, అంతే.

ఎప్పటికీ నీ బెంచీలో రెండోదాన్ని,
రెబెకా.

తా.క. నా దస్తూరీ నీకు బాగా తెలుసు కనుక ఇది చెప్పాలి. ఈ ఉత్తరం నేను చెబుతుంటే మా పిన్ని కూతురు అక్షయ రాసింది. నిన్న మీ వాళ్ళ కారు వెళ్ళాక, నాన్నని అడగకుండా, నేనే స్టేషన్ కి కబురు చేశాను. సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ గారు వచ్చి నేను చెప్పినదంతా రాసుకుని, చదివి వినిపించారు. సంతకం పెట్టమని పెన్ను నా ముందు పెట్టి, నన్ను చూసి, పెన్ను తీసేసుకుని ఇంకు పెట్టె తెప్పించారు. ఎడమ బొటనవేలి ముద్ర వేశాను. కుడి చేతికి ఇప్పుడు బొటనవేలు ఒక్కటే ఉంది.